క్లచ్ చప్పుడు, గేర్‌బాక్స్ గోల: మాన్యువల్ స్పోర్ట్స్ కారులో లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

"న్యూట్రల్‌లో గలగలమంటోంది, క్లచ్ తొక్కగానే ఆగిపోతోంది. గేర్‌బాక్స్ దించాలంటున్నారు, దించమంటారా?" మాన్యువల్ స్పోర్ట్స్ కారున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు జవాబు కూడా ఒకటే: ఆగండి. గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలి ముందు లోపల వేసే బేరింగు ధర ఏపాటిది? దించాక "లోపల అంతా బాగానే ఉంది" అని తేలితే ఆ కూలి తిరిగి రాదు.

చప్పుడు ఎలా ఉంది అన్నది తర్వాతి మాట. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నది ముందు పట్టుకోవాలి. పెడల్ ఏ స్థితిలో ఉంది, కారు నిలబడి ఉందా, ఏ గేరులో ఉంది అనే మూడింటితోనే లోపం ఉన్న చోటు చాలావరకు తేలిపోతుంది.

కింది వరస మజ్దా ఎంఎక్స్-5, హోండా ఎస్2000, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, నిస్సాన్ 370జెడ్ వంటి కార్లకు పనికొస్తుంది. మన దగ్గరి పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌కైనా, పుంటో అబార్త్‌కైనా, ఐ20 ఎన్ లైన్ మాన్యువల్‌కైనా సూత్రం అదే.

## 1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్. బోల్టు బిగింపులు, ఆయిల్ గ్రేడు అందులోవే వాడాలి.
- జాకీతో పాటు స్టాండులు, చక్రాలకు అడ్డుదిమ్మలు. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి దూరొద్దు. ఇటుకలు పేర్చి పని కానివ్వొద్దు.
- టార్చి, పొడుగాటి స్క్రూడ్రైవర్. దాని కొన గేర్‌బాక్స్ గుల్లకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే స్టెతస్కోపులా పనిచేస్తుంది. తిరిగే బెల్టులకు, ఫ్యానుకు దూరంగా ఉండండి.
- సీలు తీయని డాట్ 4 బ్రేక్ ఆయిల్ అర లీటరు, పారదర్శకమైన సన్న గొట్టం, ఖాళీ సీసా.
- ఫోన్‌లో రికార్డర్. మెకానిక్ దగ్గరికి వెళ్లగానే చప్పుడు మాయమవడం అందరికీ అనుభవమే.

ప్రతి పరీక్షా రెండుసార్లు చేయండి: పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద ఒకసారి, 20 నిమిషాలు నడిపాక ఇంకోసారి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చేది, వేడెక్కితే మాత్రమే వచ్చేది వేరువేరు జబ్బులు.

## 2. గేర్‌బాక్స్‌కు సంబంధం లేని చప్పుళ్లను ముందే తీసేయండి

ఇంజిన్ ఆపి, క్లచ్ పెడల్‌ను పదిసార్లు నెమ్మదిగా తొక్కి వదలండి. కిర్రుమనో, టక్కుమనో వినబడితే ఆ లోపం తిరిగే భాగాలది కాదు. పెడల్ బుష్షు, పెడల్ స్ప్రింగు, లేదా లోపల రిలీజ్ ఫోర్కు (క్లచ్‌ను విడదీసే బేరింగును నెట్టే మీట) పొడిబారిన చోటు. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు పెడల్ దగ్గర, తర్వాత గేర్‌బాక్స్ దగ్గర చెవి పెడితే తేలిపోతుంది. పెడల్ బుష్షయితే కాస్త గ్రీజుతో పని అయిపోయినట్టే.

తర్వాత కారు కిందికి చూడండి. సైలెన్సర్ పైపు మీది రేకు కవచం వదులైతే ఐడిలింగ్‌లో అచ్చం బేరింగు పోయినట్టే గలగలమంటుంది. పైపు చల్లారాక చేత్తో కదిపి చూస్తే చాలు. ఈ ఒక్క రేకు వల్ల అనవసరంగా దిగిన గేర్‌బాక్సులు తక్కువేమీ కాదు.

- మలుపులో మాత్రమే టకటకమంటే: సీవీ జాయింటు (చక్రానికి బలం చేర్చే ఇరుసు కీలు).
- వేగంతో పెరిగే హోరు, స్టీరింగ్ అటూఇటూ తిప్పితే మారుతుంటే: చక్రం బేరింగు.
- ఎక్సలేటర్ తొక్కినా వదిలినా ఒక్కసారి ధడ్‌మంటే: ఇంజిన్ లేదా గేర్‌బాక్స్ మౌంటింగు రబ్బరు.

## 3. పెడల్ పరీక్ష: అసలు గుట్టు ఇక్కడే

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోండి. న్యూట్రల్‌లో పెడల్ వదిలేసి ఉంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇరుసు) ఇంజిన్‌తో పాటు తిరుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ షాఫ్ట్ ఆగుతుంది, రిలీజ్ బేరింగు (క్లచ్‌ను నెట్టి విడదీసే బేరింగు) మీద బరువు పడుతుంది. కాబట్టి చాలావరకు తొక్కితే ఆగే చప్పుడు గేర్‌బాక్స్ వైపుది, తొక్కితే మొదలయ్యేది క్లచ్ వైపుది.

కారు సమతలంగా నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచి ఈ వరసలో చేయండి.

మొదటి మెట్టు. న్యూట్రల్, పెడల్ పూర్తిగా వదిలి. అర నిమిషం వినండి, రికార్డు చేయండి.

రెండో మెట్టు. పెడల్ మీద పాదం ఆనించి ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే నొక్కండి. కీచుమనడం ఇక్కడే మొదలైనా, ఇక్కడే ఆగినా చూపు రిలీజ్ బేరింగు మీద, ఫోర్కు మీద పెట్టాలి. ఎస్2000లో పెడల్ కాస్త నొక్కగానే వచ్చే జుయ్‌మనే కంపనం ఈ కోవలోదే. ఫోర్కు, బేరింగు కలిసే చోట్ల సరైన గ్రీజు వేస్తే చాలాసార్లు తగ్గిపోతుంది.

మూడో మెట్టు. న్యూట్రల్‌లోనే పెడల్ పూర్తిగా తొక్కండి. గరగర, కూత తొక్కిన క్షణమే మొదలై తొక్కినంతసేపూ ఉంటే రిలీజ్ బేరింగు. కొన్ని క్షణాలు ఆగి, షాఫ్ట్ నెమ్మదించేకొద్దీ పైకొస్తే పైలట్ బేరింగు (ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను ఇంజిన్ వైపు మోసే చిన్న బేరింగు) మీద అనుమానం.

నాలుగో మెట్టు. పెడల్ తొక్కే ఉంచి మొదటి గేరు వేయండి. ఇప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్ పూర్తిగా నిలిచిపోయింది, దాని చుట్టూ ఫ్లైవీల్ (ఇంజిన్ చివరనుండే బరువైన చక్రం) తిరుగుతోంది. పైలట్ బేరింగు బాగోకపోతే చప్పుడు ఇక్కడ అన్నిటికన్నా గట్టిగా వస్తుంది. కొన్ని కార్లలో, ముఖ్యంగా ముందుచక్రాల డ్రైవు ఉన్నవాటిలో, ఈ బేరింగే ఉండదు. అలాంటప్పుడు ఈ అనుమానం కొట్టేయండి.

ఐదో మెట్టు. న్యూట్రల్‌కు తెచ్చి పెడల్ వదలండి. మొదటి మెట్టులో విన్నది మళ్లీ వచ్చిందా? వస్తే అది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు కావచ్చు, లేదా గేరు పళ్ల మధ్య సందు వల్ల వచ్చే గలగల కావచ్చు. విడదీయడానికి ఇంజిన్‌ను 1,500 ఆర్‌పీఎం దాకా నెమ్మదిగా పెంచండి. గలగల మాయమైతే పళ్లదే, భయం లేదు. హోరుగా మారి ఇంజిన్‌తో పాటు పెరిగితే బేరింగు.

పాత 5 గేర్ల సుబారుల్లో ఇంకో సంగతి. రిలీజ్ బేరింగు జారే అల్యూమినియం గొట్టం అరిగి గాడిపడుతుంది. కొత్త బేరింగు వేసినా కిచకిచ తిరిగొస్తుంది, ఎందుకంటే కొత్త బేరింగు పాత గాడిలోనే వంకరగా కూర్చుంటుంది. ఆ గొట్టాన్ని మార్చాలి, లేదా దానికి ఉక్కు తొడుగు కిట్ వేయాలి.

## 4. లోపం కాని చప్పుళ్లు

ఇవి తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

తేలికపాటి ఫ్లైవీల్. మామూలు కార్లలో చాలావాటికి రెండు ముక్కల ఫ్లైవీల్ ఉంటుంది; మధ్యలో స్ప్రింగులు ఇంజిన్ కుదుపును మింగేస్తాయి. పికప్ కోసం దాన్ని తీసి ఒంటి ముక్క తేలిక ఫ్లైవీల్ వేస్తే, ఐడిలింగ్‌లో ప్రతి పేలుడు కుదుపూ నేరుగా గేరు పళ్లకు చేరుతుంది. గులకరాళ్ల డబ్బా ఊపినట్టు ఉంటుంది, తొక్కితే ఆగుతుంది. 2016 పోర్షే 911 ఆర్‌లో కంపెనీయే ఇలాంటి ఫ్లైవీల్‌ను ఆప్షన్‌గా ఇచ్చింది. సెకండ్‌హ్యాండ్ కారు కొంటే లోపల ఏ ఫ్లైవీల్ ఉందో పాత యజమానిని అడిగి తెలుసుకోండి. సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

రెండు ప్లేట్ల రేసింగ్ క్లచ్. పెడల్ తొక్కినప్పుడు ప్లేట్లు వదులై ఒకదానికొకటి తగిలి గణగణమంటాయి. వదిలితే నిశ్శబ్దం. పై పరీక్షలో ఇది అచ్చం రిలీజ్ బేరింగులా కనిపించి మోసం చేస్తుంది.

రివర్స్ కూత. చాలా గేర్‌బాక్సుల్లో రివర్స్ గేరు పళ్లు నిలువుగా ఉంటాయి. వెనక్కి వెళ్తుంటే కూసినా పట్టించుకోకండి.

చలి పొద్దున రెండో గేరు మొరాయింపు. గేర్ ఆయిల్ చిక్కగా ఉన్న మొదటి కొన్ని కిలోమీటర్లలో ఒకటి నుంచి రెండుకు లీవర్ బిగుసుకుంటే అది మామూలే. న్యూజెర్సీ చలికాలంలో దీని గురించి కంగారుపడటం వేరు, మే నెల హైదరాబాద్‌లో కూడా అలాగే ఉంటే వేరు. రెండోదైతే 8వ భాగం చదవండి.

దీనికి భిన్నంగా, కంపెనీ వేసిన రెండు ముక్కల ఫ్లైవీల్ ఉన్న కారులో ఇంజిన్ ఆపేటప్పుడు ధనధనమని కొట్టుకుంటే అది లోపమే. లోపలి స్ప్రింగులు అయిపోయాయి.

## 5. గేరు పడనంటోందా: తప్పు క్లచ్‌దా, సింక్రోదా?

గేరు కరకరమంటే అందరూ సింక్రో రింగు (గేరు పడే ముందు లోపలి వేగాలను కలిపే రింగు) పోయిందంటారు. ముందు క్లచ్ పూర్తిగా విడిపోతోందో లేదో చూడండి.

1. ఇంజిన్ ఐడిలింగ్, న్యూట్రల్. పెడల్ పూర్తిగా తొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టండి.
2. రివర్స్ వేయండి. మెత్తగా పడితే క్లచ్ విడిపోతోంది.
3. కర్ర్‌మంటే పెడల్‌ను నాలుగైదుసార్లు పంపు కొట్టి మళ్లీ ప్రయత్నించండి. ఇప్పుడు పడితే హైడ్రాలిక్ లైనులో గాలి చేరింది, లేదా సిలిండర్ కారుతోంది.
4. పంపు కొట్టినా మారకపోతే లోపల వంగిన క్లచ్ ప్లేటు, ఇరుక్కున్న పైలట్ బేరింగు, ఎండిన స్ప్లైన్లు (షాఫ్ట్ మీద క్లచ్ ప్లేటు జారే గాళ్లు), విరిగిన ఫోర్కు వంటివి.

తొక్కీ తొక్కగానే రివర్స్ లాగితే బాగున్న కారు కూడా కరకరమంటుంది. చాలావాటిలో రివర్స్‌కు సింక్రో ఉండదు. ఆ అయిదు అంకెల ఓపిక అందుకే.

సింక్రో తేల్చడానికి కారు నడపాలి. ఒక్క గేరులోనే, అదీ వేగంగా మార్చినప్పుడే కరకర వస్తోందా? అదే మార్పును డబుల్ క్లచ్‌తో చేయండి: తొక్కి న్యూట్రల్‌కు, వదిలి, మళ్లీ తొక్కి గేరులోకి. కిందికి మార్చేటప్పుడైతే వదిలిన ఆ క్షణంలో కాస్త రేస్ ఇవ్వండి. అప్పుడు మెత్తగా పడితే ఆ గేరు సింక్రో అరిగింది. అన్ని గేర్లలోనూ కరకరమంటే సింక్రోలన్నీ ఒకేసారి పోవు. మళ్లీ క్లచ్ వైపే చూడాలి.

గేరు దానంతట అది జారిపోవడం మరో కథ. ముందు మౌంటింగు రబ్బర్లు, లీవర్ లింకేజీ చూడండి. అవి బాగుంటే లోపలి పళ్ల అంచులు గుండ్రంగా అరిగినట్టు. పెట్టె విప్పక తప్పదు. గేరు లీవర్ మీద చెయ్యి వాల్చి నడిపే అలవాటు ఉంటే ఈ రోజు నుంచే మానండి. ఆ బరువు లోపలి ఫోర్కును రాపిడికి గురిచేస్తుంది.

## 6. హైడ్రాలిక్స్: చవకలో తీరే సగం సమస్యలు

పెడల్ నేల దగ్గరికి వచ్చాక గాని క్లచ్ విడవకపోతే, పెడల్ తిరిగి పైకి రాకపోతే ఇక్కడ మొదలుపెట్టండి.

- రిజర్వాయర్ మట్టం తగ్గిందా? చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఒకటే డబ్బా.
- పెడల్ పైన, డ్యాష్‌బోర్డు కింద తడి ఉందా? ఉంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కే పంపు).
- గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో ఫోర్కును తోసేది) రబ్బరు టోపీ ఒక అంచు పైకెత్తండి. లోపల తడి ఉంటే మార్చాల్సిందే.
- ఒకరు తొక్కుతుంటే స్లేవ్ కడ్డీ ఎంత కదులుతోందో కొలవండి. పాత ఎంఎక్స్-5లో సెంటీమీటరుకు కాస్త పైనే రావాలి.
- రబ్బరు గొట్టం తొక్కినప్పుడు ఉబ్బుతోందా?

మొదటి రెండు తరాల ఎంఎక్స్-5లో స్లేవ్ కారడం మామూలు జబ్బు. అది బయటే ఉంటుంది కాబట్టి రెండు బోల్టులు, ఒక పైపుతో పని అయిపోతుంది. 370జెడ్‌లో అలా కాదు. స్లేవ్ బెల్‌హౌసింగు (క్లచ్‌ను కప్పే గుల్ల) లోపల, షాఫ్ట్ చుట్టూ ఉంటుంది. అది కారితే గేర్‌బాక్స్ దించాలి. అలాంటి కారులో ఎందుకోసం దించినా స్లేవ్‌ను కూడా కొత్తది వేయించుకోండి.

గాలి తీసే వరస

1. రిజర్వాయర్ పైగీత దాకా నింపండి. ప్రతి పది తొక్కులకు మళ్లీ చూడండి.
2. స్లేవ్ నిపుల్‌కు గొట్టం తొడిగి, రెండో కొన సీసాలోని ఆయిల్‌లో మునిగేలా పెట్టండి.
3. లోపలి మనిషి పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి.
4. కింది మనిషి నిపుల్‌ను పావు చుట్టు వదులు చేసి, ఆయిల్ రాగానే బిగించాలి.
5. బిగించాకే పెడల్ పైకి లేపాలి. దానంతట రాకపోతే చేత్తో లేపండి.
6. బుడగలు ఆగి, ఆయిల్ తేటగా వచ్చేదాకా. సుమారు పావు లీటరు పడుతుంది.

తప్పు జరిగేది అయిదో మెట్టులోనే: నిపుల్ తెరిచి ఉండగా పెడల్ లేపితే గాలి తిరిగి లోపలికే వెళుతుంది. ఈ ఆయిల్ రంగును తినేస్తుంది, బాడీ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి. డాట్ 4 చోట సిలికాన్ రకం డాట్ 5 కలపొద్దు.

## 7. క్లచ్ జారడం, వణకడం

జారుతోందో లేదో ఖాళీ రోడ్డు మీద చూడాలి. నాలుగో గేరు, 2,000 ఆర్‌పీఎం, ఎక్సలేటర్ పూర్తిగా. ముల్లు చటుక్కున పైకి లేచి వేగం మాత్రం పెరగకపోతే జారుతోంది. ఒక్కసారి చూస్తే చాలు. పదేపదే చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలుతుంది.

కదిలేటప్పుడు కారు గజగజలాడితే అంతా ప్లేటు మీద తోసేయొద్దు. ఇంజిన్ వెనక సీలు నుంచి నూనె చేరినా, ఫ్లైవీల్ మీద నీలిరంగు కాలిన మచ్చలున్నా, మౌంటింగులు పోయినా అలాగే ఉంటుంది. సీలు కారుతుంటే కొత్త ప్లేటు వేసినా నెలల్లో మళ్లీ అదే తంతు.

## 8. గేర్ ఆయిల్

గేర్‌బాక్స్ మొరాయిస్తే విప్పే ముందు చేయాల్సిన ఆఖరి చవక పని ఇది.

నింపే ప్లగ్గును ముందు విప్పండి, ఆయిల్ ఖాళీ చేసే ప్లగ్గును తర్వాత. నింపే ప్లగ్గు తుప్పుపట్టి రాకపోతే, ఆయిలంతా తీసేసిన పెట్టెతో కారు అక్కడే ఉండిపోతుంది.

ఏ ఆయిల్ అన్నదానికి "జీఎల్-4 మాత్రమే" అనే సలహా సగమే నిజం (జీఎల్-4, జీఎల్-5 గేర్ ఆయిల్ రకాలు). జీఎల్-5లో అరుగుదలను ఆపే మందులు ఎక్కువ. కొన్ని ఇత్తడి సింక్రోలకు పడదు, మరీ జారుడుగా ఉండి సింక్రో పట్టనివ్వదు. కానీ 5 గేర్ల సుబారులో ముందు డిఫరెన్షియల్ కూడా అదే ఆయిల్‌లో తడుస్తుంది కాబట్టి కంపెనీయే జీఎల్-5 అడుగుతుంది, సుమారు 3.5 లీటర్లు పడుతుంది. ఎస్2000కు హోండా సొంత మాన్యువల్ గేర్ ఆయిల్, సుమారు లీటరున్నర. పాత 5 గేర్ల ఎంఎక్స్-5కు 75డబ్ల్యూ-90 రెండు లీటర్లు. దానికే లీవర్ అడుగున చిన్న గిన్నెలో వేరే ఆయిల్ ఉంటుంది. లీవర్ రబ్బరు చినిగితే అది ఎండిపోయి గేర్లు ఇసుకలో కలిపినట్టుంటాయి. పెట్టె ఆయిల్ మార్చినవాళ్లు దీన్ని మరిచిపోవడం మామూలే.

తీసిన ప్లగ్గు అయస్కాంతాన్ని చూడండి:

- బూడిదరంగు మెత్తటి పేస్టు: మామూలు అరుగుదల.
- ఆయిల్‌లో బంగారు మెరుపు: సింక్రో ఇత్తడి.
- గోటితో తీయగల ఉక్కు రేకులు, ముక్కలు: బేరింగు లేదా పన్ను. కారు నడపడం ఆపండి.

## 9. నడిచేటప్పుడే వచ్చే హోరు

ఏ గేరులో వస్తోందో రాసుకోండి. వెనకచక్రాల డ్రైవు ఉన్న చాలా కార్లలో ఒక గేరు నేరు గేరు (ఇంజిన్ వేగం మారకుండా నేరుగా బయటికి వెళ్లేది). పాత 5 గేర్ల ఎంఎక్స్-5లో అది నాలుగోది, ఇప్పటి ఎన్‌డీ మోడల్‌లో ఆరోది. అందులో బలం కింది షాఫ్ట్ (గేర్‌బాక్స్‌లోని రెండో ఇరుసు) గుండా పోదు. మిగతావాటిలో హోరుండి ఈ గేరులో తగ్గిపోతే కింది షాఫ్ట్ బేరింగులు. ఒకే గేరులో వస్తే ఆ గేరు పళ్లు.

న్యూట్రల్‌లో జారవిడిచినా వేగంతో పాటే వస్తుంటే గేర్లను వదిలేయండి. అది డిఫరెన్షియల్ లేదా చక్రాల వైపుది.

## 10. దించక తప్పకపోతే

బ్యాటరీ నెగటివ్ తీయండి. పెట్టె బరువు చేతులతో మోసేది కాదు, ట్రాన్స్‌మిషన్ జాకీ కావాలి. లోపలి దుమ్మును గాలితో ఊదొద్దు, పీల్చొద్దు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

- ప్లేటు, ప్రెషర్ ప్లేట్ (దాన్ని ఫ్లైవీల్‌కు నొక్కిపట్టేది), రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు ఒకే సెట్టుగా మార్చండి. ఒక్క బేరింగు మిగుల్చుకోవడం కోసం ఇంకోసారి దించడం గిట్టుబాటు కాదు.
- పాత ప్లేటులో రివెట్ తలల మీద 0.3 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే అయిపోయినట్టే.
- ఫ్లైవీల్‌ను చదును చేయించండి లేదా మార్చండి. రెండు ముక్కలదైతే మామూలు షెడ్డులో లేత్ పట్టించొద్దు. దాని బోల్టులు చాలా కార్లలో ఒక్కసారి వాడేవే.
- వెనక సీలు చూడండి. కాస్త తడి ఉన్నా మార్చండి.
- కొత్త ప్రెషర్ ప్లేట్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడిచాకే బిగించండి.
- ప్లేటుకు ఏ వైపు ఫ్లైవీల్ వైపో దాని మీదే రాసి ఉంటుంది. తిరగేసి బిగిస్తే క్లచ్ విడవదు.
- స్ప్లైన్లకు గ్రీజు పలుచటి పొర మాత్రమే. ఎక్కువైతే తిరుగుతూ చిమ్మి ప్లేటును పాడుచేస్తుంది.
- ఫోర్కు ఆనే గుండు మీద, బేరింగు ఆనే రెండు కొనల మీద గ్రీజు మరవొద్దు. కొత్త క్లచ్ వేసిన వారానికే వచ్చే కిర్రు ఇక్కడిదే.
- సెంటరింగ్ కడ్డీ పెట్టి, బోల్టులను ఎదురెదురుగా, అర చుట్టు చొప్పున బిగించండి. ఒకేసారి బిగిస్తే డయాఫ్రం (ప్రెషర్ ప్లేట్ స్ప్రింగు) వంగి వణుకు పట్టుకుంటుంది. 8 మి.మీ. బోల్టులకు సాధారణంగా 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. అసలు అంకె మీ మాన్యువల్‌లోది.
- గేర్‌బాక్స్ గుల్ల ఇంజిన్‌కు చేత్తో తోస్తేనే ఆనాలి. సందుండగా బోల్టులతో లాగితే ప్లేటు మధ్యభాగం వంగుతుంది, లేదా గుల్ల చెవి విరుగుతుంది.

## 11. మొదటి 800 కి.మీ.

ఊళ్లో ఆగుతూ సాగుతూ నడపండి. నున్నటి హైవే మీద 800 కి.మీ. పోతే మీటరు తిరుగుతుందే తప్ప ప్లేటు సర్దుకోదు, క్లచ్ కలిసి విడిపోతేనే అది కుదురుకుంటుంది. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కడం, అధిక ఆర్‌పీఎంలో క్లచ్ వదలడం, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో ఆపి పట్టుకోవడం ఇప్పుడు వద్దు.

మొదటి వారంలో కాస్త కాలిన వాసన, స్వల్ప వణుకు ఉండొచ్చు. 800 దాటాక కూడా వణుకుంటే బోల్టుల బిగింపు, ఫ్లైవీల్ చదును చేసిన తీరు గురించి షెడ్డువాళ్లను నిలదీయండి. అప్పుడే ఒకసారి కారు లేపి బెల్‌హౌసింగు అడుగున తడి, స్లేవ్ టోపీ, గేర్ ఆయిల్ మట్టం చూసుకుని, 3వ భాగంలోని అయిదు మెట్లనూ మళ్లీ రికార్డు చేసి పాతదానితో పోల్చి వినండి.